నాది కాని అప్పు నా పేరిట

పూర్వము ఒక గృహస్థునకు అప్పు పుట్టవలెనన్నచో, అప్పిచ్చు షావుకారు వానిని కన్నులార చూచి, వాని ఇల్లెరిగి, వాని తండ్రి మాట నిలుపుకొన్నవాడగునా కాడా యని నలుగురిని విచారించి, పిమ్మట ప్రామిసరీ నోటు వ్రాయించుకొనెడివాడు. ఆ విచారణలో పక్షపాతము ఉండెడిది, కులాభిమానము ఉండెడిది, వడ్డీ విషయమున కనికరము తరచుగా లేకుండెడిది. ఆ పద్ధతిని మరల తెమ్మని కోరువారిలో నేను లేను. కాని ఒకని బాకీని వేరొకని మెడకు చుట్టు పొరపాటునకు మాత్రము అందు తావు లేదు, ఏలయన బాకీపడినవాని ముఖము షావుకారునకు తెలియును. నేడు మన పరపతిని నిర్ణయించు సంస్థలకు మన ముఖము తెలియదు. వానికి తెలిసినది మన పేరులోని అక్షరములు, పుట్టిన తేదీలోని అంకెలు, పాన్ సంఖ్య, ఫోను నంబరు, చిరునామా. ఈ ముక్కలను జతపరచి, ఈ అప్పు ఈ మనిషిదే యని ఒక యంత్రము తీర్మానించును. ఆ తీర్మానము జరుగునపుడు మనము చూడము, జరిగిన పిదప మనకెవరును చెప్పరు. అది తప్పినపుడు తప్పని నిరూపించు భారము మాత్రము మనమీదనే పడును. ఈ భారము తలక్రిందులుగా ఉన్నదనియు, దీనిని సరిచేయుట అసాధ్యము కాదనియు చెప్పుటకే ఈ వ్యాసము.

మన దేశమున ఈ ఏర్పాటు మిక్కిలి పాతది కాదు. 1999లో రిజర్వు బ్యాంకు నియమించిన సిద్దిఖీ కార్యవర్గము సిఫారసు చేయగా 2000లో సిబిల్ అను రుణసమాచార సంస్థ ఏర్పడినది. 2004 నుండి వ్యక్తుల రుణసమాచారమును బ్యాంకులకు అందజేయుచున్నది. 2005లో పార్లమెంటు ఇందుకై ప్రత్యేక చట్టము చేసినది. 2010లో ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, హైమార్క్ అను మరి మూడు సంస్థలు అనుమతి పొందినవి. ప్రతి రుణసంస్థయు ఈ నాలుగింటిలోను సభ్యత్వము పొంది తీరవలెనని 2015 జనవరిలో రిజర్వు బ్యాంకు ఆదేశించుటతో, ఒకే మనిషికి నాలుగు చోట్ల నాలుగు ఖాతాలు ఏర్పడినవి. నాలుగు సంస్థలును వివరములను జతపరచు పద్ధతులు వేరు వేరు. ఆ పద్ధతులను అవి బయటపెట్టవు. జనులు మాత్రము అన్నిటిని కలిపి సిబిల్ అనియే వ్యవహరింతురు. 300 మొదలు 900 వరకు ఈ సంస్థలు మనకు కట్టు స్కోరు బ్యాంకు మేనేజరు బల్లమీదికి మనకంటె ముందుగా చేరియుండును.

ఒక బ్యాంకు గాని, ఫైనాన్సు కంపెనీ గాని తానిచ్చిన అప్పుల జాబితాను ఈ సంస్థలకు పంపునపుడు, ఒక్కొక్క అప్పుతోపాటు రుణగ్రస్తుని పేరు, పుట్టిన తేదీ, స్త్రీయో పురుషుడో అను వివరము, పాన్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, రేషన్ కార్డు వంటి గుర్తింపు సంఖ్యలలో తనయొద్ద ఉన్నవి, ఫోను నంబర్లు, చిరునామాలు పంపును. మునుపు నెలకొక పర్యాయము పంపెడివారు. 2025 జనవరిలో పక్షమునకొక పర్యాయము పంపు నియమము వచ్చినది. ఈ గళ్లన్నియు నిండి యుండునని తలంపరాదు. ఒకరు పాన్ వ్రాయుదురు, ఒకరు ఓటరు కార్డుతో సరిపెట్టుదురు. ఒకరు నేటి చిరునామా ఇత్తురు, ఒకరు పెండ్లికి పూర్వపు చిరునామా ఇత్తురు. అట్టి కోట్లకొలది వరుసలలో ఏ రెండు వరుసలు ఒకే మనిషికి చెందినవో తేల్చుటయే ఈ సంస్థల అసలు పని. అప్పు కట్టితిమా లేదా యనునది బ్యాంకు చెప్పును. ఆ కట్టినవారము మనమేనా యనునది మాత్రము ఈ సంస్థ చెప్పును. ఇందు తప్పు రెండు విధముల దొరలును. ఒకే మనిషి అప్పులు రెండు ఖాతాలుగా చీలిపోవుట ఒకటి. ఇద్దరు మనుష్యుల అప్పులు ఒకే ఖాతాలో కలిసిపోవుట రెండవది. మొదటిదానివలన మనిషి సంపాదించుకొన్న మంచిపేరులో కొంత కనబడకుండ పోవును; రెండవదానివలన సంపాదింపని చెడ్డపేరు వచ్చి మీదపడును.

ఈ పని ఎంత కఠినమో ఎరుగవలెనన్నచో సికింద్రాబాదులోని మా బన్సీలాల్‌పేట్ వీధులలో ఒక పోస్టుమ్యానుతో కలిసి నడచిన చాలును. ఈ పేట మొదట నాగన్నకుంట. 1933లో కీస్ అను బ్రిటిష్ అధికారి హయాములో, సేఠ్ బన్సీలాల్ దాతృత్వముతో, ఒక ఆదర్శ నివాసస్థలముగా రూపొంది నేటి పేరు పొందినది. పూడిపోయియున్న ఇచ్చటి మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబరులో ప్రారంభించిన పిదప నగరమంతటికిని ఈ పేట తెలిసినది గాని, కాగితముల మీద దీని పేరు నేటికిని స్థిరపడలేదు. ఇంగ్లీషు అక్షరములలో దీనిని ఒక మాటగా వ్రాయువారున్నారు, రెండు మాటలుగా వ్రాయువారున్నారు, మూడుగా విడదీయువారున్నారు. ప్రక్కనున్న భోయిగూడ పేరో, పద్మారావునగర్ పేరో చేర్చి వ్రాయువారున్నారు. ఊరు అను గడిలో ఒకరు సికింద్రాబాదు అందురు, ఒకరు హైదరాబాదు అందురు. రాష్ట్రము అను గడిలో 2014 జూన్ 2వ తేదీకి ముందు తీసికొన్న అప్పునకు ఆంధ్రప్రదేశ్ అని ఉండును, తరువాతిదానికి తెలంగాణ అని ఉండును. ఇల్లు మాత్రము అంగుళమైనను కదలలేదు. ఇక ఇంటి నంబరు: రెండు మూడు అడ్డగీతలతో మొదలై, అన్నదమ్ములు పంచుకొన్నపుడెల్ల ఒక ‘బై’ చేరి, మేడమీద గది వేసి అద్దెకిచ్చినపుడు ఒక అక్షరము చేరి పెరిగిన ఆ నంబరును ఏ ఇద్దరు గుమాస్తాలును ఒకే తీరున వ్రాసియుండరు. ఒకే నంబరు క్రింద నాలుగు కుటుంబములు, ఒకే కుటుంబమునకు నాలుగు తీరుల నంబరు, రెండును ఇచ్చట సామాన్యమే.

చిరునామా సంగతి ఇట్లుండగా, పేరు సంగతి అంతకంటె చిక్కు. ఈ దరఖాస్తులన్నియు మొదటి పేరు, నడిమి పేరు, చివరి పేరు అను మూడు గళ్లతో పుట్టినవి. ఇంటిపేరు ముందుండు తెలుగువానికి ఆ గళ్లు సరిపడవు. ఒక శ్రీనివాసరావు స్కూలు సర్టిఫికెట్టులో ‘కె. శ్రీనివాసరావు’, బ్యాంకు పుస్తకములో ఇంటిపేరు తోకకు పోయి ‘శ్రీనివాసరావు కె.’, మరియొక చోట ‘రావు’ అనునదే విడివడి ఇంటిపేరైపోవును. పాన్ సంఖ్యలోని అయిదవ అక్షరము మనిషి చివరి పేరు యొక్క మొదటి అక్షరము కావున, దరఖాస్తు నింపిన ఏజెంటు ఏ గడిలో ఏమి వ్రాసెనో దానినిబట్టి ఆ అక్షరము సైతము మారును. స్త్రీల విషయమున మరియొక మార్పు కలదు: వివాహమైన తరువాత ఇంటిపేరు మారును, తండ్రి పేరున్న గడిలో భర్త పేరు చేరును, చిరునామా మారును, ఫోను నంబరు తరచుగా భర్తదే యగును. ఒక తెలుగు స్త్రీ ఇరువదియేండ్ల వయస్సున తీసికొన్న చదువు అప్పును, ముప్పదవయేట తీసికొన్న బంగారు అప్పును ఒకే మనిషివని గుర్తించుటకు యంత్రమునకు మిగులునది పుట్టిన తేదీ, ఇచ్చియున్నచో పాన్, అంతియే.

పోనీ, ఆ పుట్టిన తేదీయైనను గట్టిదా? జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది గాని, దాని తరువాత పుట్టినవారిలో సైతము ఎందరికో తేదీని నిర్ణయించినది పురిటిగది కాదు, బడి. పిల్లవానిని చేర్చుకొను దినమున అయిదేండ్లు నిండునట్లు లెక్కగట్టి ఏదో ఒక జూన్ తేదీని పంతులుగారు వ్రాసికొనిరి. బడికి పోనివారికి వయస్సు మాత్రము తెలిసి, తేదీ తెలియక, జనవరి 1 వచ్చి కూర్చున్నది. ఒక సంవత్సరమందు జన్మించిన తెలంగాణ ప్రజలు మూడువందల అరువదియైదు దినములలో సమముగా పరచుకొని యుండవలసినది, కాగితముల మీద కొన్ని తేదీలలో గుంపులు గట్టియున్నారు. పేరు లక్ష్మియై, తేదీ జూన్ మాసపుదైనచో, ఆ రెండు గుర్తులును కలిసి ఒక మనిషిని చూపవు. ఒక సమూహమును చూపును.

మా పేటలో జాకెట్లు కుట్టుచు, చీరలకు ఫాల్స్ వేయుచు కుటుంబము నడుపుకొను ఒక గృహిణి, పీకో మిషను కొనుటకై ఒక బ్యాంకును ఆశ్రయించినది. ఆమె పేరు మన రాష్ట్రములో ప్రతి వీధిలోను వినబడు పేరు. “అమ్మా, మీకు టూవీలర్ లోను ఒకటి బాకీ ఉన్నది, సిబిల్ బాగుగా లేదు” అని అచ్చటి ఉద్యోగి చెప్పగా, “గా లోను నాది కాదు సార్, నాకు బండి నడపనే రాదు” అని ఆమె బదులు చెప్పినది. ఆ మాట సత్యమని ఉద్యోగికి ఆమె ముఖము చూచినంతనే తోచియుండును గాని, ఆయన ఎదుటి తెరమీద ఆ మాటకు గడి లేదు. ఆమె కుమారుడు తెప్పించిన నివేదికను నేను చూచితిని. చిరునామాలు అను శీర్షిక క్రింద నాలుగు వరుసలున్నవి: రెండు మా పేటవే, ఒకటి ఆమె పుట్టింటిది, నాలుగవది ఆమె ఎన్నడును అడుగుపెట్టని పట్టణములోనిది. ఫోను నంబర్లలో ఒకటి ఆ ఇంట ఎవరిదియు కాదు. పేరొకటే, పుట్టిన తేదీ యొకటే, రాష్ట్రమొకటే. ఆ పట్టణపు స్త్రీ బాకీ ఈమె ఖాతాలో చేరుటకు అంతకుమించిన ఆధారము నాకు కానరాలేదు. మిషను వచ్చి పండుగ గిరాకీ అందుకొనవలెనని తలంచిన ఆ గృహిణి, తాను తానేయని రుజువుచేసికొనుటకు పనిమానుకొని తిరుగవలసి వచ్చినది.

పిమ్మట జరిగినదే ఈ విషయమునకు ప్రాణము. నివేదికలో తప్పున్నదని ఫిర్యాదు చేయగా, ఆ సంస్థ ఆ ఫిర్యాదును టూవీలరు అప్పిచ్చిన కంపెనీకి పంపినది. చట్టప్రకారము రుణసంస్థ ధ్రువపరచనిదే నివేదికలోని అంశమును మార్చుటకు వీలులేదు గదా! ఆ కంపెనీ తన పుస్తకమును తెరచి చూచుకొన్నది. పుస్తకములో అప్పున్నది, పేరున్నది, వాయిదాలు తప్పిన మాట నిజమే. కావున వివరములు సరియైనవే యని ప్రత్యుత్తరమిచ్చినది. అది అబద్ధము కాదు. తప్పు ఆ కంపెనీ పుస్తకములో లేదు, ఈ గృహిణి ఖాతాలో లేదు. రెంటిని కలిపిన ముడిలో ఉన్నది. ఆ ముడి వేసినది రుణసమాచార సంస్థ. ముడి వేసినవారిని విడిచి, ముడితో సంబంధము లేనివారిని సాక్ష్యమడుగు ఈ విచారణ ఎన్ని మారులు జరిగినను ఒకే సమాధానము వచ్చును. రెండవసారి ఫిర్యాదులో పాన్ కార్డు, ఓటరు కార్డు నకళ్లు జతచేసి, ఆ అప్పునకు ఆధారమైన గుర్తింపు సంఖ్యను ఈమె సంఖ్యతో పోల్చిచూడుడని ప్రత్యేకముగా కోరిన పిదపనే ఆ వరుస తొలగినది. ఇంత మాట వ్రాయగల కుమారుడు ఇంటిలో లేనివారి గతి ఏమి?

జతపరచు శాస్త్రము అజ్ఞానులు కల్పించినది కాదు. మనిషి పుట్టుక మొదలు మరణము వరకు గల నమోదులన్నిటిని ఒక గ్రంథమువలె కుట్టవచ్చునని 1946లో అమెరికాలో హాల్బర్ట్ డన్ ప్రతిపాదించెను. 1959లో కెనడాలో న్యూకోంబ్, ఆయన సహచరులు వివాహముల, జననముల పట్టికలను కంప్యూటరుతో కలిపి చూపిరి. 1969లో ఫెలిగీ, సంటర్ అను గణాంకవేత్తలు దానికి గణితమును సమకూర్చిరి. ఆ గణితములోని మూలసూత్రము సామాన్యులకు సైతము బోధపడును. అరుదైన పేరు కలిసినచో దానికి ఎక్కువ విలువ, అందరికి ఉండు పేరు కలిసినచో తక్కువ విలువ. ఒక్కొక్క గుర్తునకు దాని విలువను కట్టి కూడి, మొత్తము ఒక హద్దును దాటినచో ఇద్దరును ఒకరే, వేరొక హద్దునకు తక్కువైనచో ఇద్దరును వేరు, రెంటి నడుమ పడినచో సందేహము. ఆ సందేహమును మనిషి కన్నులతో చూచి తీర్చవలెనని వారే చెప్పిరి. ఈ మూడవ తీర్పే నా దృష్టిలో ఆ సిద్ధాంతమునకు ధర్మకాంటా వంటిది. నిమిషములలో అప్పు మంజూరు చేయుచున్న ఈ కాలమున సందేహమునకు కాలము కేటాయించువారు తక్కువ. పైగా గుర్తునకు విలువ కట్టుట స్థలమునుబట్టి మారవలెను. పుట్టిన ఆసుపత్రిలోనే తేదీ నమోదగు దేశమున తేదీకి కట్టిన విలువను, పంతులుగారి జూన్ తేదీకి కట్టినచో లెక్క తప్పి తీరును.

ధ్వనినిబట్టి పేర్లను పోల్చు పద్ధతులలో సౌండెక్స్ అనునది మిక్కిలి ప్రసిద్ధము. రసెల్ అను అమెరికను 1918లో దానికి పేటెంటు పొందెను. ఇంగ్లీషులో వ్రాసిన పేరులోని మొదటి అక్షరమును ఉంచి, అచ్చులను విడిచి, ధ్వనిలో దగ్గరగా నుండు హల్లులకు ఒకే అంకె నిచ్చుట దాని పద్ధతి. లక్ష్మి అను పేరును కె, ఎస్, హెచ్ లతో వ్రాసినను, ఎక్స్‌తో వ్రాసినను దానికి ఎల్ 250 అనియే వచ్చును. ఇది మెచ్చదగిన గుణము. కాని త, ద లకు దానియందు భేదము లేదు, అచ్చులకు లెక్క లేదు. అందుచేత శారదకును ఎస్ 630, సరితకును ఎస్ 630. ఏ తెలుగు తల్లియు తన ఇద్దరు కుమార్తెలకు ఈ రెండు పేర్లు పెట్టుటకు సంకోచింపదు. ఆ అక్కచెల్లెండ్రు ఒకే ఇంటిపేరు, ఒకే చిరునామా, ఒకే తండ్రి ఫోను నంబరు గలవారై యుందురు. నేటి సంస్థల పద్ధతులు ఇంతకంటె సూక్ష్మమైనవే కావచ్చును. ఐనను వేరొక భాష చెవితో మన పేర్లను వినుటలో గల అపాయమునకు ఈ నిదర్శనము చాలును. ఫోను నంబరును నమ్ముదమన్నను, వదలివేసిన నంబరు తొంబది దినముల గడువు దాటిన పిదప వేరొకరికి పోవుచున్నది. పాత యజమాని బాకీల జాడ ఆ నంబరుతో కొత్తవాని యొద్దకు రాకుండ చూచుట కష్టమే.

ఈ జతపరచుట పేదలపాలిట ఎంత గంభీరమో మన తెలుగునేలకు 2010లోనే తెలిసినది. ఒక్కొక్క ఇల్లాలికి మూడు నాలుగు సూక్ష్మరుణ సంస్థలు పోటీపడి అప్పులిచ్చి, వసూలులో క్రూరత్వము మితిమీరి, ఆత్మహత్యల వార్తలు వెలువడగా, ఆ అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది, వసూళ్లు నిలిచిపోయినవి. 2011 జనవరిలో మాలెగాం సంఘము, ఒక రుణగ్రస్తురాలికి రెండు సూక్ష్మరుణ సంస్థలకు మించి అప్పియ్యరాదని సిఫారసు చేసినది. ఆ సంవత్సరాంతమున రిజర్వు బ్యాంకు అట్టి సంస్థలు రుణసమాచార సంస్థలలో సభ్యత్వము పొందవలెనని నిర్ణయించినది. నియమము మంచిదే. కాని రెండు అప్పులున్నవో నాలుగున్నవో లెక్కించుటకు ముందు, ఈ నాలుగును ఒకే ఇల్లాలివని తెలియవలెను గదా! పాన్ ఎరుగని ఆ స్త్రీలకు ఆధారము ఓటరు కార్డు, రేషన్ కార్డు, భర్త పేరు, ఉజ్జాయింపు వయస్సు. జత తప్పి కలిసినచో అప్పే లేని ఇల్లాలు అప్పులపాలైనదిగా కనబడి తిరస్కృతి పొందును. జత తప్పి విడిపోయినచో నాలుగు అప్పులతో మునిగినది ఒక్క అప్పు గలదిగా కనబడి అయిదవది పొందును. చట్టము చేసిన మేలంతయు ఈ ముడిమీద ఆధారపడినది.

అప్పు కాదు, అన్నమే ఇట్టి జతమీద ఆధారపడిన సందర్భము సైతము తెలంగాణలో జరిగినది. సమగ్ర వేదిక యను పేర రాష్ట్ర ప్రభుత్వము అనేక శాఖల పట్టికలను పేరు, చిరునామాల ఆధారముగా కలిపి, ఎవరికి కారున్నదో, ఎవరికి ఆస్తి యున్నదో తేల్చు ఏర్పాటు చేసికొన్నది. దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు క్షేత్రవిచారణ లేకయే రద్దైనవన్న వ్యాజ్యములో, వానిని ఇంటింటికి పోయి మరల పరిశీలింపుమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చినది. భర్త పేరును పోలిన పేరు గల వేరొకనికి కారున్నందున, హైదరాబాదులో ఒక వితంతువు బియ్యమునకు దూరమైన వృత్తాంతము పత్రికలలో వచ్చినది. సిబిల్ వేరు, రేషన్ వేరు అనవచ్చును. తప్పు యొక్క స్వరూపము మాత్రము ఒక్కటే. ఇద్దరి పేర్లు పోలినవి, వారిద్దరును ఒక్కడేయని యంత్రమన్నది, కాదని చెప్పుకొనుటకు ఆ మనిషిని ముందుగా ఎవరును పిలువలేదు.

ఇట్టి పోలిక అమెరికాలో న్యాయస్థానమునకెక్కినది. ట్రాన్స్‌యూనియన్ సంస్థ కేవలము మొదటి పేరును, చివరి పేరును పోల్చి, 8,185 మందిని ప్రభుత్వ నిషిద్ధుల పట్టికలోని నేరస్థులతో సరిపోలవచ్చునని గుర్తుపెట్టినది. రామిరెజ్ వ్యాజ్యముగా ప్రసిద్ధమైన ఆ వివాదమున 2021 జూన్‌లో అచ్చటి సుప్రీంకోర్టు తీర్పునిచ్చుచు, ఆ గుర్తు గల నివేదిక ఇతరులకు చేరిన 1,853 మందికి మాత్రమే దావా హక్కున్నదని నిర్ణయించినది. మిగిలినవారి ఖాతాలలో తప్పు గుర్తున్నను, బయటికి పోలేదు గనుక నష్టము లేదట. ఈ తర్కము నాకు సమ్మతము కాదు. నామీద వ్రాసిన అసత్యము బీరువాలో ఉన్నంతకాలము నాకు హాని లేదనుట, ఆ బీరువా తాళము వేలకొలది బ్యాంకుల చేతిలో ఉన్నపుడు చెల్లదు. ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1,001 మంది నివేదికలను వారిచేతనే పరిశీలింపజేసి, వందకు అయిదుగురికి అధిక వడ్డీ పడదగినంత తప్పులున్నవని 2013లో ప్రకటించినది. అట్టి పరిశీలన ఇచ్చట రిజర్వు బ్యాంకే జరిపించి, రాష్ట్రములవారీగా, భాషలవారీగా ఫలితములను ప్రకటింపవలెను.

ఆధారు వంటి ఒకే సంఖ్య ఇచ్చినచో పీడ విరగడగును గదా యని పెద్దలనేకులు అందురు. కాని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ప్రైవేటు సంస్థలు ఆధారును బలవంతముగా కోరుటకు అడ్డుకట్ట వేసినది. ఆ తీర్పునకు గల కారణములు నేటికిని బలమైనవే. ఇటీవల రిజర్వు బ్యాంకు పెద్దలు సైతము ప్రతి రుణగ్రస్తునకు విశిష్టమైన గుర్తింపు ఉండవలెనని మాటలాడుచున్నారు. అది వచ్చినచో మేలే. కాని సంఖ్యను సైతము మనిషియే టైపు చేయును. ఏజెంటు ఒకరి పాన్ నకలును వేరొకరి దరఖాస్తునకు జతచేయును. పాత అప్పులకు కొత్త సంఖ్యను తగిలించు పని మరల పేరు, తేదీ, చిరునామాల మీదనే నడచును. కావున సంఖ్య వచ్చువరకు వేచియుండుట గాని, వచ్చిన పిదప నిద్రించుట గాని తగదు.

నేడు మనకున్న రక్షణలను తక్కువ చేసి చెప్పను. 2017 నుండి ప్రతి సంస్థ నుండియు ఏటికొక పూర్తి నివేదికను ఉచితముగా పొందవచ్చును. ఫిర్యాదు ముప్పది దినములలో తీరకున్నచో, ఆపైన దినమునకు 100 రూపాయల వంతున పరిహారము చెల్లింపవలెనను నియమము 2024 ఏప్రిల్ 26 నుండి అమలులోనున్నది. 2022 సెప్టెంబరు నుండి ఈ సంస్థలమీద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు మొరపెట్టుకొనవచ్చును. కాని పరిహారము ఆలస్యమునకు గాని, తప్పుడు ముడికి కాదు. ఇరువదవ దినమున ‘వివరములు సరియైనవే’ యని బదులిచ్చిన సంస్థ ఒక్క రూపాయి చెల్లింపనక్కరలేదు. వాయిదా తప్పినట్లు తెలియజేయునపుడు రుణసంస్థ ఖాతాదారునకు సందేశము పంపవలెనను నియమము కూడ ఉన్నది. ఆ సందేశము పోవునది ఆ పట్టణములోని టూవీలరు యజమానురాలికి, మా పేట గృహిణికి కాదు. ఎవరి ఖాతా మలినమగుచున్నదో వారికి తప్ప అందరికి తెలియు ఏర్పాటిది.

కావలసినది కొత్త చట్టము కాదు. 2005 చట్టమే రిజర్వు బ్యాంకునకు ఆదేశములిచ్చు అధికారము నిచ్చినది. ఈ విషయమున అమలులోనున్న ఆదేశములకు కొన్ని పంక్తులు చేర్చిన చాలును. నివేదికలోని ప్రతి అప్పు ప్రక్కన, ఆ అప్పు ఏయే గుర్తుల మీద ఈ ఖాతాలో చేరినదో, పాన్ కలిసినదా, పేరు తేదీలు మాత్రము కలిసినవా యనునది ముద్రింపవలెను. మా పేట గృహిణి ఆ ఒక్క వరుస చూచియున్నచో మొదటి దినముననే తగవు తేలియుండును. కొత్త అప్పొకటి ఖాతాలో చేరినపుడు, అప్పిచ్చినవాడు కాక, చేర్చిన సంస్థయే ఆ ఖాతాకు పూర్వమునుండి ఉన్న ఫోనునకు, చిరునామాకు తెలియజేయవలెను. ‘ఇది నాది కాదు’ అను ఫిర్యాదు వచ్చినపుడు ముడికి సంజాయిషీ ముడి వేసినవారే చెప్పవలెను. చెప్పలేనిచో ముడి విప్పవలెను. పేరు, తేదీ తప్ప వేరొక ఆధారము లేని జత సందేహాస్పదమని ఎంచి, మనిషి చూచువరకు స్కోరు లెక్కలో చేర్చరాదు. చూచు ఆ పరిశీలకులలో మన ఇంటిపేర్లు, మన జూన్ మాసపు పుట్టినరోజులు, మన ‘బై’ నంబర్లు ఎరిగినవారు ఉండవలెను; హైదరాబాదు సికింద్రాబాదులలో అట్టివారికి కొరత లేదు.